బాఖ్ ఆర్గన్ సంగీతం: ఏ ఎడిషన్ కొనాలి?

జర్మన్ స్వరకర్త బాఖ్ ఆర్గన్ పుస్తకం మొదటిసారి కొనబోయేవాళ్ళకి చిక్కంతా ఒక్కచోటే. కావలసింది ఒకే ఫ్యూగ్ (ఒకే ఇతివృత్తాన్ని స్వరపంక్తులు ఒకదాని వెనక ఒకటి అందుకునే రచన). దాన్ని ఐదారుగురు ప్రచురణకర్తలు వేశారు. ఒకటి పాత పుస్తకాల కొట్లో చవకగా దొరుకుతుంది, ఇంకొకటి దానికి నాలుగైదు రెట్ల ఖరీదు, మరొకటి ఇంటర్నెట్లో ఉచితం. తెరిచి చూస్తే స్వరాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. మరి తేడా దేనికి?

గుంటూరులో మా చర్చి హార్మోనియం మీద మొదలుపెట్టి, జర్మనీలో చదువుకుంటూ పైపు ఆర్గన్ దాకా వచ్చినవాణ్ణి. దారిలో తప్పు పుస్తకాలూ కొన్నాను, సరైన పుస్తకాన్ని కొనకూడని సమయంలోనూ కొన్నాను. బాఖ్ ఒక్కడి ఆర్గన్ రచనలనే ఉదాహరణగా పెట్టుకుని, ఏది ఎవరికి సరిపోతుందో చెబుతాను. ఈ పద్ధతి పట్టుబడితే మిగతా స్వరకర్తల పుస్తకాలు ఎంచుకోవడం తేలికే.

## ముందు చూడాల్సినవి

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న: పేజీ మీద కనిపించే ఈ గుర్తు ఎవరు పెట్టారు?

మన కర్ణాటక సంగీతంలో ఇది కొత్త విషయమేమీ కాదు. త్యాగరాజ కీర్తన ఒకటే అయినా వాలాజాపేట శిష్యులు ఒక తీరుగా, ఉమయాల్పురం వాళ్ళు ఒక తీరుగా, తిల్లైస్థానం వాళ్ళు ఇంకో తీరుగా దాన్ని నిలుపుకున్నారు. మనం దాన్ని పాఠాంతరం అంటాం. ఏ పాఠాంతరమో తెలిసి పాడటం వేరు, తెలియకుండా ఇదే త్యాగయ్యగారి మాట అనుకోవడం వేరు. బాఖ్ సంగతీ అంతే. అందరికీ తెలిసిన డి మైనర్ టొకాటా అండ్ ఫ్యూగ్, బీడబ్ల్యూవీ 565 (బాఖ్ రచనల జాబితాలో దాని నంబరు), ఆయన చేతిరాతలో లేదు. యోహానెస్ రింక్ అనే ఆయన రాసుకున్న నకలే మనకున్న ముఖ్యమైన ఆధారం. ట్రియో సొనాటాలు ఆరూ, లైప్‌జిగ్ కోరల్స్‌లో (కోరల్ అంటే చర్చి కీర్తన రాగం మీద అల్లిన ఆర్గన్ రచన) చాలాభాగం మాత్రం బాఖ్ స్వదస్తూరీలోనే బెర్లిన్ గ్రంథాలయంలో ఉన్నాయి. క్లావియరూబుంగ్ అనే సంపుటి మూడో భాగం 1739లో ఆయన బతికుండగానే అచ్చయింది. అచ్చయినంత మాత్రాన చిక్కు తీరిపోలేదు. ష్యూబ్లర్ కోరల్స్ అనే మరో సంపుటి అచ్చయ్యాక బాఖ్ తన సొంత ప్రతి మీద చేత్తో దిద్దుబాట్లు చేసుకున్నాడు. ఆ ప్రతి ఇప్పుడు అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో ఉంది. ఆ దిద్దుబాట్లను లెక్కలోకి తీసుకున్న ఎడిషన్‌కీ తీసుకోనిదానికీ తేడా ఉండి తీరుతుంది.

ఇలాంటి ఆధారాలన్నీ ముందు పెట్టుకుని, పోల్చి, సంపాదకుడు తన సొంత అలంకారాలు చేర్చకుండా ఇచ్చే పాఠాన్ని ఉర్‌టెక్స్ట్ అంటారు. వేమన పద్యాల కోసం బ్రౌన్ దొర ప్రతులు పోగుచేసి పోల్చి చూశాడే, అలాంటి శ్రమే ఇదీ. అయితే అట్ట మీద ఉర్‌టెక్స్ట్ అని వేసినంత మాత్రాన నమ్మనక్కర్లేదు. సంపాదకుడు ఏ ప్రతులు చూశాడో, ఎక్కడ ఏ పాఠం ఎందుకు ఎంచుకున్నాడో చెప్పే వ్యాఖ్య ఉంటేనే ఆ మాటకి విలువ.

ఆర్గన్‌లో ఈ గుర్తుల గొడవ మిగతా వాయిద్యాలకన్నా ఎక్కువ. బాఖ్ స్లర్ గీతలు (స్వరాలను కలిపి వాయించమనేవి) చాలా తక్కువ పెట్టాడు. ఏ స్టాపులు (ఏ పైపుల వరుస మోగాలో తేల్చే మీటలు) లాగాలో చెప్పింది ఇంకా తక్కువ. ఆర్గెల్‌బ్యూహ్లైన్ అనే ఆయన కోరల్స్ పుస్తకంలో బీడబ్ల్యూవీ 600 దగ్గర చేతులకి ప్రిన్సిపాల్ 8 అడుగులు, కాళ్ళకి ట్రంపెట్ 8 అడుగులు అని ఆయనే రాశాడు. అది అరుదైన చోటు. పాత ఎడిషన్లలో పేజీ నిండా స్టాపుల పేర్లు, స్లర్లు కనిపిస్తే అవి చాలామటుకు సంపాదకుడివే. కొట్లో పుస్తకం చేతికొస్తే నేను ముందు ఆ 600 పేజీయే తీస్తాను. బాఖ్ మాటలేవో, సంపాదకుడి మాటలేవో అక్షరాల సైజులోనో బ్రాకెట్లలోనో విడదీసి చూపించారంటే ఆ పుస్తకం మీద నాకు గురి కుదురుతుంది.

రెండోది వరుస. ఆర్గెల్‌బ్యూహ్లైన్ అంటే చిన్న ఆర్గన్ పుస్తకం. బాఖ్ అందులో 164 కోరల్స్‌కి పేర్లు రాసి ఖాళీ పేజీలు వదిలాడు. పూర్తిచేసింది నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ, బీడబ్ల్యూవీ 599 నుంచి 644 దాకా. ఆగమన కాలంతో మొదలై క్రిస్మస్, శ్రమకాలం, ఈస్టరు అలా చర్చి సంవత్సరం ప్రకారం నడుస్తుంది. పేజీ చాలనప్పుడు చివరి స్వరాలను అక్షరాల సంకేతాలతో కింద ఇరికించిన చోట్లు కూడా ఆ చేతిరాత ప్రతిలో ఉన్నాయి. అంత ఆలోచించి కట్టిన పుస్తకాన్ని అకారాదిక్రమంలో పెడితే ఏమవుతుంది? ఒక్కో ముక్క దొరుకుతుంది గానీ పుస్తకం మాయమవుతుంది.

మూడోది పేజీ. ఆర్గన్ వాయించేవాడికి రెండు చేతులూ రెండు కాళ్ళూ పనిలోనే ఉంటాయి. పియానోలాగా కాలు పెడల్ మీద ఊరికే ఆనించి ఉండదు. పేజీ తిప్పే చోటు ఎక్కడ పడిందన్నది పాఠం ఎంత శుద్ధమో అన్నంత ముఖ్యం. పాసకాలియా, బీడబ్ల్యూవీ 582 చూడండి: ఎనిమిది బార్ల ఇతివృత్తం, దాని మీద ఇరవై వేరియేషన్లు, వాటికి ఆనుకుని ఆగకుండా ఫ్యూగ్. ఎక్కడా సందు లేదు. ఒక ఆదివారం ఆరాధన చివర్లో నేను అది వాయిస్తూ పేజీ తిప్పబోతే రెండు పేజీలు కలిసి వచ్చాయి. ఎడమ చేయి తేరుకునేసరికి రెండు బీట్లు పెడల్ ఒక్కటే మోగింది. ఆ తర్వాత ఆ పేజీని జిరాక్స్ తీసి, అట్టముక్క మీద కాగితపు టేపుతో అతికించి, పక్కపేజీకి ఆనించి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

బైండింగ్ కూడా చూసుకోవాలి. జిగురుతో అతికించిన పుస్తకం మొదటి నెల తెరిచి ఉండదు, రెండో ఏడు మూసి ఉండదు.

ఇక మీ వాయిద్యం. పెడల్ బోర్డు, అంటే కాళ్ళతో వాయించే మెట్ల వరుస, ఉందా? ఒక కీబోర్డా, రెండా? దీన్నిబట్టి ఎడిషన్ కన్నా ముందు ఏ సంపుటం కొనాలన్నదే మారిపోతుంది.

## పీటర్స్: పాత పెద్దమనిషి

లైప్‌జిగ్‌లోని పీటర్స్ సంస్థకి ఫ్రీడ్రిష్ కొన్రాడ్ గ్రీపెన్‌కెర్ల్, ఫెర్డినాండ్ రోయిచ్ కలిసి పరిష్కరించిన ఈ ముద్రణ 1844లో మొదలైంది. ఎనిమిది సంపుటాలు 1852 నాటికి వచ్చాయి, తొమ్మిదోది తర్వాత చేరింది. గ్రీపెన్‌కెర్ల్, బాఖ్ మొదటి జీవితచరిత్రకారుడు ఫోర్కెల్ దగ్గర నేర్చుకున్నవాడు. అంటే ఆ పరంపరకి దగ్గరవాడు. ఆయన చూసిన ప్రతుల్లో కొన్ని తర్వాత కనిపించకుండా పోయాయి. అందుకే ఇవాళ్టి పండితులు కూడా ఈ ముద్రణని పక్కన పడేయరు.

ఆ కాలానికి ఇది ఆశ్చర్యపోయేంత శుభ్రమైన పాఠం. స్లర్లు, స్టాపుల పేర్లు కుమ్మరించలేదు. పుస్తకం అడ్డంగా ఉంటుంది, ఆర్గన్ స్టాండు మీద చక్కగా కూర్చుంటుంది. ఇంట్లో కీబోర్డుకి వచ్చే సన్నటి స్టాండు మీద మాత్రం రెండు చివరలూ వాలిపోతాయి. వెనక అట్ట పెట్టుకోవాలి.

నా మొదటి బాఖ్ ఇదే. పాత పుస్తకాల కొట్లో కొన్న నాలుగో సంపుటం. మునుపటి యజమాని పెన్సిల్‌తో పెడల్ స్వరాల పైనా కిందా గుర్తులు పెట్టుకున్నాడు: ఇంటికప్పులా ఉన్నది కాలివేళ్ళకి, అర్ధచంద్రంలా ఉన్నది మడమకి, గీత పైన ఉంటే కుడికాలు, కింద ఉంటే ఎడమకాలు. ఆ గుర్తుల్లో సగం నా కాళ్ళకి సరిపోలేదు. అయినా ఒక మనిషి ఆ మెట్ల మీద ఎలా నడిచాడో కళ్ళకి కట్టింది.

లోపం ఎక్కడంటే కోరల్స్ సంపుటాల్లో. ఐదు, ఆరు, ఏడు సంపుటాల్లో వాటిని అకారాదిగా సర్దారు. ఆర్గెల్‌బ్యూహ్లైన్ క్రమం పోయింది. లైప్‌జిగ్ కోరల్స్, ష్యూబ్లర్, క్లావియరూబుంగ్ మూడో భాగం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఒక్క కోరల్ కావాలంటే చేతికి సులువుగా దొరుకుతుంది. బాఖ్ కట్టిన మాలగా చూడాలంటే దొరకదు. పైగా గత వందేళ్ళలో బయటపడ్డవి ఇందులో ఉండే అవకాశమే లేదు.

## బాఖ్ గెసెల్‌షాఫ్ట్, దాని నకళ్ళు

బాఖ్ చనిపోయిన నూరేళ్ళకి, 1850లో, లైప్‌జిగ్‌లో బాఖ్ గెసెల్‌షాఫ్ట్ అనే సంఘం పెట్టి ఆయన రచనలన్నీ అచ్చు వేయడం మొదలుపెట్టారు. 1851లో మొదటి సంపుటం, 1899లో చివరిది. ఆర్గన్ రచనలు అందులో కొన్ని సంపుటాల్లో ఉన్నాయి. హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే వెబ్‌సైట్లో స్కాన్లు ఉచితం. అమెరికాలో డోవర్ సంస్థ వీటినే మళ్ళీ అచ్చువేసి తక్కువ ధరకి అమ్ముతుంది.

డబ్బులు లేని విద్యార్థికి ఇంతకన్నా మంచి మాట లేదు. ఈ స్కాన్లు లేకపోతే ట్రియో సొనాటాల ముఖం నేను చాలా ఏళ్ళ దాకా చూసి ఉండేవాణ్ణి కాదు. పాఠం కూడా గౌరవించదగ్గదే. అది పందొమ్మిదో శతాబ్దపు పరిశోధన అని మాత్రం గుర్తుండాలి. పోలిక కోసం అందుబాటులోకి వచ్చిన ప్రతులు ఆ తర్వాత చాలా పెరిగాయి. స్కాన్ వాడేటప్పుడు ఇంకో జాగ్రత్త: ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీలో ఒకే రచనకి పది రకాల ఫైళ్ళు ఉంటాయి. ఏది ఎవరు పరిష్కరించారో పేరూ ఏడాదీ చూడకుండా మొదటిది దించుకుంటే, ఎవరో కంప్యూటర్లో టైపు చేసిన తప్పుల తడక చేతికొస్తుంది. కొనబోయే పాత ముద్రణలో సి-క్లెఫ్ (క్లెఫ్ అంటే ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు) ఉన్నదేమో కూడా ముందే ఒక పేజీ తెరిచి చూసుకోండి. ట్రెబుల్, బేస్ తప్ప వేరే క్లెఫ్ అలవాటు లేనివాళ్ళు అక్కడే ఆగిపోతారు.

హక్కుల సంగతి ఒక్క ముక్క. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళు, యూరప్‌లో 70 ఏళ్ళు. బాఖ్ గడువు ఎప్పుడో తీరిపోయింది గానీ సంపాదకుడికి ఉంటుంది. కొత్త ఎడిషన్ల స్కాన్లు ఎక్కడో దొరికాయని దించుకోవడం తప్పు. ఆ పరిశోధన జరిగేదే ఆ పుస్తకాలు అమ్ముడైతే.

## బేరన్‌రైటర్: నోయె బాఖ్ ఔస్‌గాబె

రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1954 నుంచి 2007 దాకా, గోటింగెన్, లైప్‌జిగ్ పండితులు కలిసి బాఖ్ రచనలన్నీ కొత్తగా పరిష్కరించారు. అదే నోయె బాఖ్ ఔస్‌గాబె. దాన్లో నాలుగో శ్రేణి ఆర్గన్‌ది. వాయించుకోవడానికి వీలుగా 11 సంపుటాల్లో బేరన్‌రైటర్ అమ్ముతుంది. డీట్రిష్ కిలియాన్, హాన్స్ క్లోట్స్, క్రిస్టోఫ్ వోల్ఫ్ లాంటి పేర్లు ఈ సంపుటాల మీద కనిపిస్తాయి.

దీని గొప్పతనం కట్టుబాటు. బాఖ్ కూర్చిన సంపుటులు ఆయన కూర్చినట్టే ఉంటాయి. పేజీ శుభ్రం. లైప్‌జిగ్ కోరల్స్ సంపుటంలో, బాఖ్ వైమార్‌లో ఉన్నప్పుడు రాసిన వాటి పాత రూపాలు కూడా ఇచ్చారు. ఒకే కోరల్‌ని బాఖ్ ఏళ్ళ తర్వాత ఎక్కడ పెంచాడు, ఎక్కడ మెరుగుపెట్టాడు అన్నది పక్కపక్కన చూడొచ్చు. ఒక సాయంత్రం ఆ రెండూ ముందు పెట్టుకుని కూర్చుంటే నేర్చుకునేది చాలా ఉంటుంది.

తొమ్మిదో సంపుటం గురించి విడిగా చెప్పాలి. యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్న నొయ్‌మైస్టర్ అనే ఆయన నకలు పుస్తకంలో, బాఖ్ యవ్వనంలో రాసిన కోరల్స్ 1980ల మధ్యలో గుర్తించారు. బీడబ్ల్యూవీ 1090 నుంచి 1120 దాకా నంబర్లు వాటివే. పీటర్స్‌లో, గెసెల్‌షాఫ్ట్‌లో ఇవి లేవు. వీటిల్లో చాలావాటికి పెడల్ తప్పనిసరి కాదు, నిడివీ చిన్నది. మన ఊళ్ళ చర్చిల్లో పెడల్ లేని కీబోర్డు ముందు కూర్చునేవాళ్ళకి నేను మొట్టమొదట చూపించేది ఈ సంపుటాన్నే.

ఇబ్బందులు రెండు. ఏ పాఠం ఎందుకు తీసుకున్నారో చెప్పే విమర్శక వివరణ విడి పుస్తకం, అదీ జర్మన్‌లో. పెద్ద గ్రంథాలయం దగ్గర్లో లేకపోతే అది మీకు అందదు. రెండోది, కొన్ని సంపుటాలు 1950, 60లలో చేసినవి. ఆ తర్వాత తెలిసిన సంగతులు వాటిలో ఉండవు. ఖరీదు ఒక్కో సంపుటానికి వేల రూపాయల్లోనే.

## బ్రైట్‌కోఫ్: కొత్త పరిశోధన

బ్రైట్‌కోఫ్ ఉంట్ హేర్టెల్ 2010 నుంచి 10 సంపుటాల్లో మరో ముద్రణ తెచ్చింది. డేవిడ్ షులెన్‌బర్గ్, పీటర్ డిర్క్‌సెన్, జాన్-క్లోడ్ జెండర్, వెర్నర్ బ్రైగ్ తదితరులు సంపాదకులు. వీళ్ళలో చాలామంది స్వయంగా వాయించేవాళ్ళు. అది ముందుమాటల్లో తెలుస్తుంది: ఈ ట్రిల్ (స్వరాన్ని కంపింపజేసే అలంకారం) ఎలా మొదలుపెట్టాలి, ఈ చోట మాన్యువల్ (చేతుల కీబోర్డు) మార్చాలా వద్దా అన్న ప్రశ్నలకి తప్పించుకోకుండా జవాబు చెబుతారు. వ్యాఖ్య అదే పుస్తకంలో, ఇంగ్లీషులో కూడా ఉంది. పాఠాంతరాలు పోల్చుకోవడానికి డిజిటల్ రూపంలో అదనపు సామగ్రి ఇచ్చారు.

ఇవాళ ఒకడు సున్నా నుంచి మొదలుపెట్టి, డబ్బుకి వెనకాడకుండా ఒకే ముద్రణ కొనాలంటే నేను దీన్నే చెబుతాను. కారణం ఆ వ్యాఖ్య చేతిలో ఉండటమే. పాఠం నాణ్యతలో బేరన్‌రైటర్‌కీ దీనికీ మధ్య దూరం, సామాన్య వాయిద్యకారుడి చేతుల్లో వినిపించేంత పెద్దది కాదు. ఇప్పటికే బేరన్‌రైటర్ సంపుటాలు ఉన్నవాళ్ళు వాటిని అమ్మేసి ఇవి కొనడం దండగ.

అమెరికాలో ఉంటే వేన్ లూపోల్డ్ ముద్రణ కూడా చూడండి. జార్జ్ స్టౌఫర్ సంపాదకుడు. అదే పాఠాన్ని రెండు రూపాల్లో వేస్తున్నారు: శుద్ధపాఠం ఒకటి, వాయించేవాళ్ళ సౌకర్యం చూసి సర్దినది ఇంకొకటి. ఇండియాకి తెప్పించుకోవాలంటే పోస్టు ఖర్చే తడిసి మోపెడవుతుంది.

## గుర్తులు నిండిన ఎడిషన్లు

ఇక్కడ పండితులు పెదవి విరుస్తారు. నేను విరవను.

మార్సెల్ ద్యూప్రే పారిస్‌లో బోర్న్‌మన్ సంస్థకి చేసిన బాఖ్‌లో ప్రతి స్వరానికీ వేలి అంకె, ప్రతి పెడల్‌కీ కాలి గుర్తు ఉంటుంది. అంతా అతుక్కుని సాగే లెగాటో పద్ధతి. బాఖ్ కాలంలో అలా వాయించలేదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. అయినా గురువు దగ్గర్లో లేనివాడికి, పెడల్ మీద కాలు ఎప్పుడు దాటించాలో తెలియక రాత్రంతా తంటాలు పడేవాడికి, ఒక మహా వాయిద్యకారుడు పక్కన కూర్చుని చూపించినట్టుంటుంది. గురువు చెప్పిన గమకం నేర్చుకుని, తర్వాత మన గొంతుకి తగ్గట్టు మార్చుకున్నట్టు వాడుకోవాలి. నిజంగా వాయించే పాఠానికి పక్కన ఉర్‌టెక్స్ట్ ఒకటి ఉండాలి. ద్యూప్రే 1971లో చనిపోయాడు కాబట్టి ఆ గుర్తులకి ఇంకా హక్కులున్నాయి, ఉచితంగా దించుకునేది కాదు.

విడోర్, ష్వైట్జర్ కలిసి న్యూయార్క్‌లోని షిర్మర్ సంస్థకి చేసినది వేరే తరహా. ఆఫ్రికాలో ఆసుపత్రి నడిపి నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆల్బర్ట్ ష్వైట్జరే ఈయన. ఆ ఆసుపత్రి ఉన్న లాంబరేనెకి వెళ్ళేటప్పుడు పారిస్ బాఖ్ సంఘం ఆయనకి పెడల్ ఉన్న పియానో ఇచ్చింది. రోగుల్ని చూసి, రాత్రిళ్ళు దాని మీద సాధన చేసేవాడు. మొదటి ఐదు సంపుటాలు 1912-14 మధ్య వచ్చాయి, మిగతావి చాలా ఏళ్ళ తర్వాత. స్వరాల పేజీని శుభ్రంగా ఉంచి, తమ సలహాలన్నీ ముందుమాటలో పెట్టారు. ఆ ముందుమాటల కోసమైనా గ్రంథాలయంలో తెరిచి చదవాలి.

## ఒక్కచోట చూస్తే

| ఎడిషన్ | పేజీలో గుర్తులు | కోరల్స్ వరుస | వ్యాఖ్య | ఖర్చు |
|---|---|---|---|---|
| పీటర్స్ | తక్కువ | అకారాదిగా | కొద్దిగా | పాతది కొంటే తక్కువ |
| గెసెల్‌షాఫ్ట్, డోవర్ | తక్కువ | బాఖ్ సంపుటుల ప్రకారం | పాతది, జర్మన్‌లో | ఉచితం లేదా చవక |
| బేరన్‌రైటర్ | దాదాపు లేవు | బాఖ్ సంపుటుల ప్రకారం | విడి పుస్తకం | ఎక్కువ |
| బ్రైట్‌కోఫ్ కొత్తది | దాదాపు లేవు | బాఖ్ సంపుటుల ప్రకారం | అందులోనే, ఇంగ్లీషులో కూడా | ఎక్కువ |
| ద్యూప్రే | అడుగడుగునా | బాఖ్ సంపుటుల ప్రకారం | వాయించే పద్ధతి మీద | ఎక్కువ |

సంపుటం నంబర్లు ఒకదానికొకటి కలవవు. ఒకసారి ఒకాయన పీటర్స్ ఒకటో సంపుటం, బేరన్‌రైటర్ ఒకటో సంపుటం ఒకటే అనుకుని తెప్పించుకున్నాడు. ఆయనకి ఒకదాంట్లో సొనాటాలు, ఇంకోదాంట్లో కోరల్స్ వచ్చాయి. అందరూ అడిగేవి ఇవి:

| రచన | పీటర్స్ | బేరన్‌రైటర్ | బ్రైట్‌కోఫ్ |
|---|---|---|---|
| ఆర్గెల్‌బ్యూహ్లైన్ | 5 | 1 | 7 |
| ట్రియో సొనాటాలు | 1 | 7 | 5 |
| డి మైనర్ టొకాటా (565) | 4 | 6 | 4 |
| పాసకాలియా (582) | 1 | 7 | 4 |
| లైప్‌జిగ్ కోరల్స్ | 6, 7లో చెదిరి | 2 | 8 |
| ష్యూబ్లర్ కోరల్స్ | 6, 7లో చెదిరి | 1 | 6 |
| క్లావియరూబుంగ్ 3 | పలు చోట్ల చెదిరి | 4 | 6 |
| కన్చెర్టోలు | 8 | 8 | 5 |

## మీరు ఎవరైతే ఏది

ఆదివారం ఆరాధనకి వాయించేవాళ్ళు. మన లూథరన్ చర్చిల్లో ఉన్నవాళ్ళకి బాఖ్ దూరపు చుట్టం కాదు. ఫాదర్ హేయర్ 1842లో గుంటూరు వచ్చినప్పటి నుంచీ ఆ కోరల్స్‌లో కొన్ని తెలుగులోకి నడిచి వచ్చాయి. ‘మా కర్త గట్టి దుర్గము’ అని మనం పాడే రాగం లూథర్‌దే. దాని మీద బాఖ్ రాసిన ఆర్గన్ కోరల్ బీడబ్ల్యూవీ 720, బేరన్‌రైటర్ మూడో సంపుటంలో, పీటర్స్ ఆరులో ఉంది. సంఘానికి తెలిసిన రాగంతో మొదలుపెడితే వినేవాళ్ళు పట్టుకుంటారు. పెడల్ లేకపోతే నొయ్‌మైస్టర్. పెడల్ ఉంటే ఆర్గెల్‌బ్యూహ్లైన్, అదీ చర్చి సంవత్సరం వరుసలో ఉన్న ముద్రణ. ఆగమన కాలం మొదటి ఆదివారానికి పుస్తకం మొదటి పేజీ తెరవడంలో ఒక తృప్తి ఉంది.

పెడల్ కొత్తగా నేర్చుకునేవాళ్ళు. చాలామంది గురువులు ఎనిమిది చిన్న ప్రెల్యూడ్లు, ఫ్యూగులతో, బీడబ్ల్యూవీ 553 నుంచి 560 దాకా, మొదలుపెడతారు. అవి బాఖ్ రాసినవి కావేమోనన్న అనుమానం ఎప్పటి నుంచో ఉంది. అందుకని అన్ని సమగ్ర ముద్రణల్లోనూ ఉండవు, విషయసూచిక చూసి కొనండి. పీటర్స్ ఎనిమిదిలో ఉన్నాయి. ఈ దశలో ఖరీదైన ముద్రణ అనవసరం. పాత పీటర్స్ చాలు, పెన్సిల్‌తో ఎంత గీకినా మనసు బాధపడదు. నేను ఈ దశలోనే కొత్త ఉర్‌టెక్స్ట్ సంపుటాలు మూడు కొని, గుర్తులు పెట్టుకోవడానికి చేతులు రాక, అట్ట నలగకుండా దాచాను. ఆ ఏడాది నేర్చుకున్నది తక్కువ.

పరీక్షలకి వెళ్ళేవాళ్ళు. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం లాంటి సంస్థల సిలబస్‌లో రచన పక్కన ఒక ఎడిషన్ పేరు వేస్తారు. అది తప్పనిసరో, సూచన మాత్రమేనో ఆ ఏడాది సిలబస్‌లోనే రాసి ఉంటుంది. అది చదవకుండా కొనొద్దు. పరీక్ష గదిలో జిరాక్స్ ప్రతుల గురించిన నియమం కూడా చూసుకోండి.

డిగ్రీ చేసేవాళ్ళు, కచేరీకి సిద్ధమయ్యేవాళ్ళు. వాయించబోయే సంపుటం బ్రైట్‌కోఫ్‌దో బేరన్‌రైటర్‌దో కొనండి, రెండోది గ్రంథాలయంలో తీసి పక్కన పెట్టి సరిచూడండి. తేడా కనిపించిన చోట బెర్లిన్ గ్రంథాలయం ఆన్‌లైన్లో పెట్టిన చేతిరాత ప్రతే తెరవొచ్చు. బాఖ్ గీసిన స్వరం తోక ఎటు వంగిందో చూసి మీరే నిర్ణయించుకునే కాలం ఇది.

ట్యాబ్లెట్ మీద వాయించేవాళ్ళు. పేజీ తిప్పడానికి పియానో వాళ్ళు వాడే కాలి స్విచ్ మనకి పనికిరాదు, కాళ్ళు ఖాళీగా ఉండవు. తల కదిపితే, కన్ను గీటితే పేజీ మారే సౌకర్యం ఫోర్‌స్కోర్ లాంటి యాప్‌లలో ఉంది. నేను కొన్నాళ్ళు వాడాను. సాధనకి బాగుంది. ఆరాధనలో మాత్రం కాగితమే పెట్టుకుంటాను.

## బాఖ్ కాకుండా

బుక్స్‌టెహుడె ఆర్గన్ రచనల్లో ఆయన చేతిరాత ఒక్కటీ మిగల్లేదు. నకళ్ళలోనూ కొన్ని పాత అక్షరాల సంకేతాల్లో ఉన్నాయి. దాంతో సంపాదకుడి ఊహకి చోటు చాలా ఎక్కువ. బెక్‌మన్ పరిష్కరించిన బ్రైట్‌కోఫ్ ముద్రణలో ఆ ఊహ ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ ఒకే పుస్తకం నమ్ముకోవద్దు, కనీసం రెండు చూడండి.

సెజార్ ఫ్రాంక్ దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది. పారిస్ సెంట్ క్లోటిల్డ్ చర్చిలో కవాయే-కోల్ కట్టిన ఆర్గన్‌ని మనసులో పెట్టుకుని స్టాపుల పేర్లు ఆయనే రాశాడు. అక్కడ పేజీ నిండా ఉన్న గుర్తులు స్వరకర్తవే, తీసేయకూడదు. 1890లో ఆయన చివరి రచనలైన మూడు కోరల్స్‌తో సహా పాత డ్యురాండ్ ముద్రణలకి హక్కులు తీరిపోయాయి, డోవర్ వాటిని ఒకే పుస్తకంగా వేసింది. ఫ్రాంక్‌తో మొదలుపెట్టేవాడికి ఆ ఒక్క పుస్తకం చాలు. మిగిలిన డబ్బుతో మీ బాఖ్‌కి రెండో సంపుటం తెప్పించుకోండి.